లావుది డిక్కీలో పట్టదు

ఆ రోజు పెట్టుకున్న పని చాలా చిన్నది. కళ్ళజోళ్ళాయన తొమ్మిదింటికి వెళ్ళి ఒక పాత కారు చూడాలి, నడిపి చూడాలి, నచ్చితే బేరమాడాలి, పదకొండుకల్లా తిరిగొచ్చి తన కళ్ళజోళ్ళ కొట్టు తెరవాలి. కారు పద్నాలుగేళ్ళ నాటిది, చిన్నది, బూడిద రంగుది. యజమాని ఫోన్లో చెప్పిన ధర లక్షన్నర. ఇంట్లో ఉన్నది లక్షా పాతిక. మధ్యలో ఉన్న గుంటని మాటలతో పూడ్చాలి. ఎదుటివాళ్ళ చూపు సరిచేసి ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నాడు గానీ, ఎదుటివాళ్ళతో నాలుగు మాటలాడి నెగ్గిన పాపాన పోలేదాయన.

కారు షికార్లకి కాదు. భార్య బట్టలు కుడుతుంది. సోమవారం నుంచి ఊరికి ఆ చివర ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పడానికి ఒప్పుకుంది. మిషన్లు మాత్రం మీరే తెచ్చుకోవాలన్నారు హాస్టలు వాళ్ళు. ఆవిడ దగ్గర రెండున్నాయి. ఒకటి పాతకాలపు సన్నటి మిషను, ఇంకొకటి దళసరి గుడ్డలు కుట్టే లావుది. వాటిని రోజూ బాడుగ బండిలో తిప్పితే, వచ్చే జీతం బండివాడికే చాలదు.

"బావా, నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. నోరు మూసుకోవడం," అన్నాడు బావమరిది. అతనికి కారు లేదు. కానీ ఊళ్ళో సగం మంది చేత కార్లు కొనిపించాడు. "నచ్చినట్టు మొహంలో కనబడకూడదు. వాళ్ళేమన్నా 'చూద్దాం' అను. అమ్మేవాడు మౌనానికి భయపడినంత దేనికీ భయపడడు. ధర దానంతటదే దిగుతుంది."

"నోరు మూసుకోవడం మా ఆయనకి ఒకరు నేర్పాలా?" అంటూ భార్య కొలతల టేపు ఆయన మెళ్ళో వేసి, జేబులో ఒక చీటీ కుక్కింది. "ఇందులో రాసినవన్నీ చూసుకునే రండి."

కళ్ళజోళ్ళాయన మంచి చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఆయన కళ్ళజోడు మామూలు చొక్కా జేబులో ఉండిపోయింది.

వెతకాల్సింది పదిహేడో నంబరు ఇల్లు. కళ్ళు చికిలించి చూస్తే పదకొండో నంబరు కూడా పదిహేడులాగే కనబడుతుంది. పైగా ఆ ఇంటి ముందు బూడిద రంగు చిన్న కారు నిలబడే ఉంది. గేటు తీసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. బడిలో ముప్ఫై ఏళ్ళు పెద్ద పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ఏజెన్సీకి చెప్పి, ఆ రోజుకి ఒక డ్రైవరుని మాట్లాడుకుంది. అతని కోసమే చూస్తోంది.

"తొమ్మిదింటికి వస్తానంది నువ్వేనా?"

"నేనేనండీ," అన్నాడాయన, ఫోన్లో మాట్లాడినాయన భార్య కాబోలనుకుని.

"తొమ్మిదీ పదైంది. ఇవిగో తాళాలు. బండి బాగా నడపగలవా?"

'నువ్వు' అనడం కాస్త చివుక్కుమనిపించినా, బావమరిది పాఠం గుర్తొచ్చింది. "చూద్దామండీ," అన్నాడు.

పెద్ద పంతులమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి వెనక సీట్లో కూర్చుంది. పక్కన కూర్చుంటే కొనేవాడికి కంగారని వెనక్కెళ్ళిందని ఆయన అనుకున్నాడు. ఎంత సంస్కారం!

"ముందు బ్యాంకుకి పోనీ."

పోనిచ్చాడు. తలుపు రెండోసారి గట్టిగా వేస్తేగానీ పడలేదు. హారను నొక్కితే ముసలాయన గొంతు సవరించుకున్నట్టు మోగింది. మూడో గేరు బతిమాలితేగానీ రాలేదు. కానీ ఇంజను మాత్రం సన్నగా, నిబ్బరంగా పాడుతోంది. కళ్ళజోళ్ళాయనకి ప్రాణం లేచొచ్చింది. సంతోషం పైకి కనబడకూడదు కనక అద్దంలో చూసుకుంటూ మొహం చిట్లించాడు. ఆ అద్దంలో ఆ మొహాన్ని పెద్ద పంతులమ్మ కూడా చూసింది. చేతిసంచీ కాస్త దగ్గరికి లాక్కుంది.

బ్యాంకులో డబ్బు తీసుకుని వచ్చి, "ఇప్పుడు మా చెల్లెలింటికి," అంది ఆవిడ. చెల్లెలు బాగా ఒళ్ళున్న మనిషి. గుమ్మంలో ఆరు పూలకుండీలతో సిద్ధంగా ఉంది. పదకొండింటికి ఊరవతల పూలమొక్కల పోటీ ఉందట. ఇద్దరాడవాళ్ళు, ఆరు కుండీలు. నిండు బరువుతో కూడా నడిపించి చూపిస్తున్నారంటే ఈవిడెంత నిజాయితీ మనిషో అని మురిసిపోయాడు కళ్ళజోళ్ళాయన.

"కుండీలు డిక్కీలో పెట్టు నాయనా," అంది చెల్లెలు.

"వద్దండీ. డిక్కీ ఖాళీగా ఉండాలి. నాకు దాంతో పనుంది," అన్నాడాయన.

అక్కచెల్లెళ్ళు మొహమొహాలు చూసుకుని, వెనక సీట్లో ఇరుక్కుని, ఒళ్ళో మూడేసి కుండీలు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన వెనక్కెళ్ళి డిక్కీ తెరిచి, మెళ్ళో టేపు తీసి పొడవూ వెడల్పూ కొలిచాడు. నమ్మకం చాలక తనే లోపలికెక్కి మోకాళ్ళు ముడుచుకుని పడుకుని చూశాడు. లేచి భార్యకి ఫోన్ చేశాడు. సీటుకీ డిక్కీకీ మధ్య ఒక అట్టముక్క తప్ప అడ్డం లేదు. లోపలికి ప్రతి మాటా వినబడుతోంది.

"కొలిచాను. పాతదానికి ఇబ్బంది లేదు, ఎముకల గూడేగా... ఆ, లావుది పట్టదు... కాళ్ళు ఊడదీస్తే? అప్పుడు పట్టొచ్చు. తల వేరుగా గుడ్డలో చుట్టి పెట్టెయ్యొచ్చు... నూనె కారితే కారనీ, కింద గోనెసంచి పరుద్దాం."

చెల్లెలు ఒళ్ళో బంతి మొక్కని గట్టిగా పట్టుకుంది. "అక్కా, నూనె అన్నాడా, నెత్తురన్నాడా?"

"ఎముకల గూడంటే నేను," అంది పెద్ద పంతులమ్మ గొణుగుతూ. "లావుది..."

"నేను లావేమీ కాను!"

"ఇప్పుడా ఆ మాట?"

దిగిపోదామంటే ఒళ్ళో కుండీలు. ఫోన్ చేద్దామంటే సంచీ కుండీల కింద. ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదని పెద్ద పంతులమ్మకి తెలుసు. ఈలోగా కళ్ళజోళ్ళాయన వెనక తలుపు తెరిచి, టేపు చాపి, "కాస్త పక్కకి జరగండమ్మా, కొలత తీసుకోవాలి," అన్నాడు. సీటు కొలుచుకుని, "ఫర్వాలేదు, సర్దొచ్చు," అని తలుపు వేశాడు. ఒకసారి, మళ్ళీ రెండోసారి గట్టిగా.

ఊరు దాటాక రోడ్డు నున్నగా, నిర్మానుష్యంగా ఉంది. నాలుగో గేరు చూడ్డానికి ఇదే చోటనుకుని వేగం పెంచాడు. బండి బాణంలా పోయింది. చూడాల్సినవన్నీ చూశాడు. ఇక బేరం ఒక్కటే మిగిలింది. గొంతు సవరించుకుని, దారి మీంచి చూపు తిప్పకుండా, గంభీరంగా అన్నాడు.

"అమ్మా, సాగదీయడం నాకిష్టం లేదు. మీ చివరి మాట చెప్పండి."

వెనక చెల్లెలు అక్కని మోచేత్తో పొడిచింది.

"మొహమాటపడకండి. మనసులో ఉన్నది చెప్పేస్తే పని అయిపోతుంది."

"ఇరవై," అంది పెద్ద పంతులమ్మ. బడిలో ఐదొందల మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన గొంతు పిల్లి కూనలా వచ్చింది. "ఇరవై వేలు."

ఇరవై వేలు తగ్గిస్తానంటోందని ఆయన ఉబ్బిపోయాడు. బావమరిది చెప్పినట్టే మౌనం పాటించాడు. ఒక కిలోమీటరు గడిచింది.

"పాతిక!" అని అరిచింది చెల్లెలు. "అక్కా, పాతిక ఇస్తానని చెప్పవే!"

లక్షన్నరలో పాతిక పోతే లక్షా పాతిక. కళ్ళజోళ్ళాయనకి కళ్ళు చెమర్చాయి. జీవితంలో మొదటిసారి బేరంలో నెగ్గాడు, అదీ నోరు మెదపకుండా. "ఖాయం," అన్నాడు. "ఇక ఆలస్యమెందుకు, ఈ పూటే ముగించేద్దాం."

"ముందు ఎడమకి తిప్పు బాబూ. అక్కడే ఇస్తాను," అంది పెద్ద పంతులమ్మ.

ఎడమకి తిప్పాడు. గేటులోంచి లోపలికెళ్ళాక గాని అది పోలీసు స్టేషనని తెలియలేదు. బండి మీద కేసులేవీ లేవని ఇక్కడే కాగితం రాయించి ఇస్తుంది కాబోలు అనుకుని, పద్ధతి గల మనిషని మరోసారి మెచ్చుకున్నాడు. దిగి మర్యాదగా తలుపు తెరిచాడు కూడా. అక్కచెల్లెళ్ళు కుండీలతో సహా స్టేషన్లోకి పరిగెత్తారు.

"ఇతను మమ్మల్ని ముక్కలు చేసి డిక్కీలో పెడతానన్నాడు!"

అవతల బల్ల దగ్గర కూర్చున్న అధికారి ఆయన వంక చూశాడు. మెళ్ళో టేపు, మంచి చొక్కా, మొహంలో బేరం నెగ్గిన వెలుగు. జేబులు తీయించాడు. చీటీ దొరికింది. పైకి చదివాడు.

"ఒకటి, డిక్కీ లోతెంత? రెండు, వెనక సీట్లో మనుషులు పోగా ఎంత చోటు మిగులుతుంది? మూడు, లోపల మరకలున్నాయా, ఉంటే కడిగితే పోతాయా? నాలుగు, అద్దాలు మూస్తే లోపలి చప్పుడు బయటికి వినబడుతుందా? ఐదు, చివరి మాట అడగకుండా మాత్రం రావద్దు." చీటీ బల్ల మీద పెట్టాడు. "ఎవరు రాసిచ్చారిది?"

"మా ఆవిడండీ."

"అంటే ముఠా ఉందన్నమాట."

"పాతిక వేలకి ఖాయం చేసుకున్నాడు కూడానండీ!" అంది చెల్లెలు.

"ఔనండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన అమాయకంగా. "వాళ్ళే పెంచుకుంటూ వచ్చారు. నేను అసలు నోరే తెరవలేదు."

అధికారి ఆయన ఫోన్ తీసుకుని భార్యకి కలిపాడు, అందరికీ వినబడేలా. "అమ్మా, మీ ఆయన డిక్కీలో ఏం పెడదామనుకుంటున్నాడు?"

"నా కుట్టుమిషన్లండీ. మీరు కారమ్మే వారేనా? లావుది నిజంగానే పట్టదంటారా?"

అధికారి ఫోన్ పెట్టేశాడు. "కారు అమ్మేది ఎవరు?" అన్నాడు అధికారి నెమ్మదిగా.

"ఈవిడే," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నేనా? నువ్వు డ్రైవరువి కావూ?" అంది పెద్ద పంతులమ్మ.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. పదిహేడో నంబరు ఇంటాయన. "ఏమనుకోకండి సార్. పొద్దున ఎవరో వచ్చి 'తాళాలివ్వండి' అంటే మీరే అనుకుని ఇచ్చాను. ఊరంతా తిప్పి తెచ్చి, నేను ధర చెబితే బిత్తరపోయాడు. అతను ఎవరి ఇంటికో డ్రైవరుగా రావాల్సిన వాడట. కానీ బండి నచ్చిందట. బయానా ఇచ్చేశాడు. ఇక ఒకళ్ళ బండి నడపనని చెప్పమన్నాడు, ఎవరికో మరి."

ఆ 'ఎవరికో' ఎవరో పెద్ద పంతులమ్మకి అర్థమైంది. కళ్ళజోళ్ళాయన బెంచీ మీద కూలబడ్డాడు. కారు పోయింది. సోమవారానికి ఇంకా మూడు రోజులే ఉంది. హాస్టల్లో పిల్లల ముందు ఉత్త చేతులతో నిలబడ్డ భార్య కళ్ళముందు కనబడింది. బేరంలో నెగ్గిన మనిషి ఇంత దీనంగా కూర్చోవడం అధికారి ఎన్నడూ చూడలేదు. టీ తెప్పించాడు.

పెద్ద పంతులమ్మ టీ తాగుతూ కుండీలు లెక్కచూసింది. ఆరూ ఉన్నాయి. ఒక్క మొగ్గ రాలలేదు. ప్రాణాలు పోతాయనుకున్న ఆ దారంతా ఒక్క కుదుపు కూడా తగల్లేదని ఆవిడకి ఇప్పుడు తట్టింది. ఏజెన్సీ పంపిన డ్రైవర్లు ఈ కారుని ఆరునెలల్లో మూడుచోట్ల గుద్దారు.

"మిషన్లు ఎప్పుడు తీసుకెళ్ళాలి?" అంది.

"సోమవారమండీ."

"ఈ కారు తీసుకో. నాకు నడపడం రాదు. నడిపేవాళ్ళకి మర్యాద రాదు."

ఆయన లేచి నిలబడ్డాడు. "మరి... పాతిక అన్నారు కదండీ?"

"అది నా ప్రాణానికి కట్టిన ధర. కారు ప్రాణం కంటే ఖరీదు. నీ దగ్గరెంతుంది?"

బావమరిది పాఠాలన్నీ గాలికి పోయాయి. "లక్షా పాతిక," అని ఉన్నదంతా చెప్పేశాడు.

"అంతే ఇవ్వు. కానీ గురువారం గురువారం నన్ను బ్యాంకుకీ, చెల్లెలింటికీ తిప్పాలి."

"లావుది మాత్రం పట్టదండీ," అన్నాడు ఆయన బెంగగా.

"ఎందుకు పట్టదూ?" అని చెల్లెలు విసురుగా లేచింది. "ముందు సీటు వాల్చి, దాన్ని వెనక సీట్లోకి తొయ్యాలి. నేనే పట్టాను, మిషను పట్టదా?"

పోటీకి పదకొండూ పావుకి చేరారు. బంతి మొక్కకి మూడో బహుమతి వచ్చింది. పాల్గొన్నవి నాలుగు.

సోమవారం రెండు మిషన్లూ వెనక సీట్లో దర్జాగా కూర్చుని హాస్టలుకి వెళ్ళాయి. గురువారం అక్కచెల్లెళ్ళు వెళ్ళారు. ఆదివారం భార్యా, బావమరిదీ వెళ్ళారు. వెనక సీటు చాలా మెత్తగా ఉంటుందని అందరూ అంటారు గాని, కొన్నాయనకి మాత్రం ఇంతవరకూ కూర్చుని చూసే వీలు చిక్కలేదు.