టాలో కౌంటీ సహాయ నిధిని సద్వినియోగం చేసిన విధము

మహమ్మారి సహాయ నిధి కింద వాషింగ్టన్ నుంచి టాలో కౌంటీకి వచ్చిన పద్దెనిమిది లక్షల డాలర్లూ ఒక్క సెంటు మిగలకుండా సద్వినియోగమయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నేను ఈ కౌంటీ గుమస్తాను. ఓట్లతో గెలిచి కౌంటీని నడిపే ముగ్గురు కమిషనర్ల సమావేశంలో ఎవరేమన్నారో రాసుకోవడం, పౌరులెవరైనా మాట్లాడటానికి లేస్తే మూడు నిమిషాలు చూసి గంట కొట్టడం నా పని. పందొమ్మిదేళ్ళుగా కొడుతున్నాను. ఎవరికీ ఒక్క క్షణం ఎక్కువిచ్చిన పాపాన పోలేదు.

ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో వాషింగ్టన్ వారు వివరంగానే రాసి పంపారు. వైద్యానికి పెట్టుకోండి, మంచినీళ్ళకు పెట్టుకోండి, ప్రాణాలకు తెగించి పనిచేసిన సిబ్బందికి జీతం మీద అదనంగా ఇవ్వండి అన్నారు. పాత అప్పులు తీర్చుకోవద్దు, దాచిపెట్టుకోవద్దు అన్నారు. చివర ఒక దయగల పేరా చేర్చారు. రోగం వల్ల మీ ఆదాయానికి నష్టం వచ్చి ఉంటే ఆ మేరకు పాలనకు సంబంధించిన ఏ పనికైనా వాడుకోండి, నష్టమెంతో తేల్చే ఓపిక లేకపోతే వచ్చిందని అనుకున్నా చాలు అని దాని భావం. నిజానికి ఆ ఏడాది మా కౌంటీ ఆదాయం కొంచెం పెరిగింది. అయినా ముగ్గురు కమిషనర్లూ చేతులెత్తి నష్టం వచ్చిందని అనుకున్నారు. ఒక సభ అంత ఏకాగ్రతతో ఒక విషయం అనుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

అనుకున్నాక అధ్యక్షుడు గార్లండ్ ప్రూయిట్ లేచి నిలబడ్డాడు. ఆయనకు ట్రాక్టర్ల దుకాణం ఉంది, గొంతు ఉంది.

"ఇది మన డబ్బు కాదు, ప్రజల డబ్బు. అందుకని ప్రజలనే అడుగుదాం. వాళ్ళు ఏమంటే అది. నా మాట మీద నమ్మకం లేకపోతే రాసిపెట్టుకోండి!"

రాసిపెట్టుకున్నాను. ప్రజలను అడగడం ఎలాగో మాకు తెలియదు కనుక, అడిగిపెట్టడానికి రాష్ట్ర రాజధాని నుంచి ఒక సలహా సంస్థను పిలిపించాము. వాళ్ళు ఎనిమిది నెలలు అడిగారు. ప్రజలలో ఎక్కువమంది అంబులెన్స్ కావాలన్నారు. ఈ సంగతిని సంస్థవారు నూట నలభై పేజీలలో రంగుల బొమ్మలతో నిరూపించారు. నివేదికను కమిషనర్లు ఏకగ్రీవంగా మెచ్చుకుని, సమావేశ మందిరంలో అద్దాల బీరువా కొని, అందులో పెట్టారు. బీరువా కూడా నిధిలోంచే.

మా కౌంటీకి ఒక్కటే అంబులెన్స్. దాన్ని నడిపేది లెటా స్టౌఫర్. పగలు బడిలో వంట చేస్తుంది, మిగతా వేళల్లో జీతం లేకుండా రోగులను మోస్తుంది. మహమ్మారి రోజుల్లో అందరం తలుపులు వేసుకుని కూర్చుంటే ఆమె ఒక్కతే తలుపులు తీయించుకుని లోపలికి వెళ్ళింది. బండి వయసు ఇరవై రెండేళ్ళు. హికరీ గుట్ట మీది ఇళ్ళకు చేరడానికి మంచిరోజున నలభై నిమిషాలు. కొత్త బండి ఒకటి, గుట్ట దిగువన ఒక చిన్న షెడ్డు, అందులో జీతమిచ్చి ఇద్దరు మనుషులు. ఇదీ ఆమె కోరిక.

లెటా సమావేశానికి వచ్చింది. నేను గడియారం తిప్పాను.

"గార్లండూ, నీకు అంకెలు ఇష్టం కదా, ఒకటి చెప్తా విను. గుండె ఆగినవాడికి నాలుగు నిమిషాలు గడువు. నాకు మీరిచ్చింది మూడు. అంటే నేను మాట్లాడ్డం అయిపోయేసరికి గుట్టమీద ఒకడు మూడొంతులు పోయినట్టే. కార్ల్ గారు అక్కడే ఒంటరిగా ఉంటున్నారు, గుండె జబ్బు. మనల్నందర్నీ బడికి తీసుకెళ్ళింది ఆయనే. నువ్వు బస్సులో కక్కితే కడిగింది కూడా ఆయనే, గుర్తుందా?"

సభలో నవ్వులు. కార్ల్ ఎంగ్వాల్ వెనక వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపినవాడు. మంచు పడినా, వాగు పొంగినా ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు.

"వాడి కడుపు అప్పట్నుంచీ అంతేనమ్మా. ఎంత పెట్టినా నిలవదు," అన్నాడు ముసలాయన.

మళ్ళీ నవ్వులు. గంట కొట్టాను. లెటా నోట్లో మాట నోట్లోనే ఉంది. నియమం నియమమే.

గార్లండ్ కళ్ళు తుడుచుకున్నాడు. "లెటా లాంటి వీరవనిత ఉండగా మనకు కొత్త బండి ఎందుకయ్యా? మనసుండాలి గానీ!" అన్నాడు. అందరం లేచి చప్పట్లు కొట్టాము. ఆమె కోరింది తప్ప ఆమెకు అన్నీ ఇచ్చాము.

తరువాత వీరులకు అదనపు జీతం విషయం వచ్చింది. ప్రజల మధ్య తిరిగి పనిచేసినవారు ఎవరా అని చూస్తే, ముగ్గురు కమిషనర్లూ కనిపించారు. ప్రతి సమావేశానికీ ఇంట్లోంచి తెర మీద హాజరయ్యారు కదా, తెర మీద ప్రజలు ఉన్నారు కదా. గంట కొట్టినవాడిగా నేనూ కనిపించాను. లెటా పేరు కూడా పరిశీలించాము. కానీ అది జీతం మీద ఇచ్చే అదనం. జీతమే లేని మనిషికి దేని మీద ఇస్తాము? న్యాయవాదిని అడిగితే ఆయనా బాధపడ్డాడు. నా చెక్కుతో నేను వరండా బాగుచేయించుకున్నాను. నాకు సిగ్గనిపించింది. వరండా మాత్రం బాగుంది.

ఇక మిగిలిన ఖర్చులు. కౌంటీ సరిహద్దుల్లో నాలుగు వైపులా 'స్వాగతం' అని వెలిగే బోర్డులు పెట్టాము. రోజూ వెళ్ళిపోతున్నవాళ్ళకు అవి వెనకనుంచి కూడా కనిపిస్తాయి. వీధికుక్కలను పట్టే శాఖకు కొత్త ట్రక్కు కొన్నాము. ఎంత చలిలోనైనా తాళం తిప్పగానే కదులుతుంది. గడువులోగా ఒప్పందాలు చేసుకోకపోతే మిగిలింది వాషింగ్టన్‌కు తిరిగిపోతుందని తెలిసినప్పుడు సభ నిజంగా వణికింది. రోగమొచ్చినప్పుడు కూడా అంత వణకలేదు. ఆ డిసెంబరులో అరగంటలో ఆరు పికిల్‌బాల్ కోర్టులు మంజూరు చేశాము. టెన్నిస్ ఆడే వయసు దాటినవాళ్ళు చిన్న బ్యాట్లతో ఆడుకునే ఆట అది. ఓటర్లలో అలాంటివాళ్ళే ఎక్కువ.

అంబులెన్స్ మరమ్మతుకు లెటా తన దారి తాను చూసుకుంది. మా దగ్గర ఇలాంటివాటికి ఒక ఆచారం ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పాన్‌కేకులు కాలుస్తాము. ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం అంబులెన్స్ షెడ్డు ముందు బల్లలు వేశారు. పది డాలర్లకు పాన్‌కేకులు, సాసేజి, కాఫీ. ఆ తీపి అట్లకు ఇచ్చిందే మరమ్మతు చందా. కౌంటీ అంతా వచ్చింది. ముగ్గురు కమిషనర్లూ వచ్చి, తలా పది డాలర్లు ఫోటో తీసేదాకా చేతిలో పట్టుకుని, తరువాత డబ్బాలో వేశారు.

తొమ్మిదింటికి లెటా నడుముకున్న పేజర్ మోగింది. హికరీ గుట్ట. కార్ల్ ఎంగ్వాల్, గుండెనొప్పి, తానే ఫోన్ చేశాడు. లెటా గరిటె విసిరేసి బండెక్కి తాళం తిప్పింది. కదల్లేదు. బ్యాటరీ చచ్చింది.

"చూస్తారేంటి, రండి! బండి బయటికి తొయ్యండి! ఆ కుక్కల ట్రక్కు పట్రండి, దాన్నుంచి కరెంటు లాగుదాం! గార్లండూ, ఆ ప్లేటు కింద పడెయ్!"

గార్లండ్ ప్లేటు కింద పెట్టాడు. పడెయ్యలేదు, అందులో ఇంకా రెండున్నాయి. అందరం భుజాలు పెట్టి తోశాము. ముగ్గురు కమిషనర్లూ తోశారు. కుక్కల ట్రక్కు తీగలు తగిలించాక అంబులెన్స్ దగ్గి, మూలిగి, కదిలింది. మేమంతా ఈలలు వేసి చప్పట్లు కొట్టాము. ఆ వారం పత్రికలో మొదటి పేజీ ఫోటో అదే, 'చేయి చేయి కలిపిన టాలో' అని. నా కుడిభుజం అందులో స్పష్టంగా పడింది. చాలామంది అభినందించారు.

ఫోను మోగిన యాభై ఒక్క నిమిషాలకు లెటా గుట్ట మీది ఇల్లు చేరింది. అప్పటికి కార్ల్ గారికి తొందర లేదు. తలుపు తీసి, లోపలికి రావడానికి వీలుగా వరండాలో కుర్చీలు పక్కకు జరిపి, టోపీ పెట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. తన కోసం వచ్చినవాళ్ళను నిలబెట్టడం ఆయనకు అలవాటు లేదు.

మరుసటి సమావేశంలో నాలుగో నంబరు పికిల్‌బాల్ కోర్టుకు కార్ల్ ఎంగ్వాల్ పేరు పెట్టాలని గార్లండ్ గద్గద స్వరంతో ప్రతిపాదించాడు. పౌరుల వంతు వచ్చినప్పుడు లెటా లేచింది. గడియారం తిప్పాను.

ఆమె మాట్లాడలేదు. చేతులు బల్లమీద పెట్టి నిలబడింది. మొదటి నిమిషంలో జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రెండో నిమిషంలో ఎవరో దగ్గారు, ఒక కమిషనర్ నీళ్ళు తాగాడు. మూడో నిమిషం అవుతుందా కాదా అనిపించింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ ముల్లును పట్టి ముందుకు తోయాలనిపించింది. గంట కొట్టాను.

"ఎంతసేపనిపించిందిరా గార్లండూ?" అంది లెటా. "ఇలాంటి మూడేసి నిమిషాలు పదిహేడు. కుర్చీలు జరిపి కూచున్నాడు నీ బస్సు డ్రైవరు."

గడువు దాటాక అన్న మాటలు కనుక అవి నమోదు కాలేదు. 'లెటా స్టౌఫర్: ఏమీ మాట్లాడలేదు' అని రాశాను. కోర్టు పేరును ఏకగ్రీవంగా ఆమోదించారు. నవంబరు ఎన్నికల్లో ముగ్గురూ గెలిచారు, పన్నులు పెంచలేదు కదా. నేనూ వాళ్ళకే వేశాను.

బుధవారాలు నాలుగో కోర్టులో ఆడుతున్నాను, నేల చాలా బాగుంది. ఈ నివేదిక చదువుతూ మధ్యమధ్య నవ్వుకున్న మీకు ఏదైనా అభ్యంతరముంటే రండి. మీకూ మూడు నిమిషాలు ఇస్తాము.