మూడో జెట్టీకి బలి పన్నెండు

బుధవారం ఉదయం పోర్టు ఇంజనీరు కుసుమకుమారి వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకు మూడో జెట్టీ ఉక్కు స్తంభాలకు కొత్త జింకు దిమ్మలు బిగింపించాలి. తాను తయారుచేసిన డేటాబేసు పనిచేస్తుందని చీఫ్ ఇంజనీరు అచ్యుతరామయ్యకు చూపించాలి. చూపించలేకపోతే తుప్పు లెక్కలన్నీ మళ్ళీ చెదలు తిన్న రిజిస్టర్లలోకే పోతాయి, ఆర్నెల్ల కష్టం గంగలో కలుస్తుంది. అలా కానిచ్చేది లేదని మల్కాపురం బస్సులోనే పళ్ళు బిగించింది.

డేటాబేసు అందరికీ అర్థం కావాలని కాలమ్‌లకు తెలుగు పేర్లే పెట్టింది. ఉప్పునీరు ఉక్కు జోలికి పోకుండా ముందు జింకునే తింటుంది. ఉక్కు కోసం బలయ్యే లోహమన్నమాట. ఫోన్ తెరలో పట్టాలని దాన్ని "బలి" అని కుదించింది. ముందురోజు సాయంత్రం డేటాబేసు అందరి ఫోన్లకూ బుద్ధిగా మెసేజీ పంపింది: "మూడో జెట్టీ. రేపు పది గంటలకు. బలి: పన్నెండు."

ఆమె వెళ్ళేసరికి జెట్టీ మీద డప్పులు మోగుతున్నాయి. గజ ఈతగాళ్ళ మేస్త్రీ నూకాలు, పసుపు పూసిన మేకతో ఎదురొచ్చాడు.

"ఇదేంటి నూకాలూ?"

"గంగమ్మ తల్లికి బలెయ్యమని ఎన్నేళ్ళనుంచి అడగతన్నాం! ఇన్నాళ్ళకి ఇన్నారు మేడమ్. పన్నెండు మేకలు దొరకలేదండి. రెండు మేకలు, పది కోళ్ళు. లెక్క సరిపోనాది."

"బలంటే జింకు దిమ్మలయ్యా!"

"మరి జింకు దిమ్మలనే రాయాల గదండీ!"

కుసుమకుమారి మేకల్ని స్టోరులో దాయించబోతే, అక్కడినుంచే, అదే మెసేజీ చదివిన క్లర్కు ధనలక్ష్మి యాభైమందిని వెంటేసుకుని ఎదురొచ్చింది.

"పన్నెండుమంది ఉద్యోగాలు బలి సేత్తారా? ఎవులా పన్నెండుమంది? పేర్లు బయటెట్టండి!"

నినాదాలకు బెదిరి కోళ్ళు తాళ్ళు తెంపుకున్నాయి. సరిగ్గా అప్పుడే అచ్యుతరామయ్య కారు దిగాడు. ఒక కోడి ఆయన నెత్తిమీదుగా ఎగిరింది.

"ఏంటమ్మా ఈ జాతర?"

కుసుమకుమారి ఒక జింకు దిమ్మను రెండు చేతులా ఎత్తి, తెచ్చి ఆయన కాళ్ళముందు పెట్టింది.

"బలంటే ఇదండీ. ఇలాంటివి పన్నెండు. మేకలకీ ఉద్యోగాలకీ ఏ ప్రమాదమూ లేదు. పేరు పెట్టడంలో తప్పు నాది, డేటాబేసుది కాదు."

అచ్యుతరామయ్య గడియారం చూశాడు, జనాన్ని చూశాడు.

"పది గంటల పనికి ఈ జెట్టీ మీద పదింటికే జనం రావడం నా సర్వీసులో ఎప్పుడూ చూళ్ళేదమ్మా. నీ డేటాబేసు ఉంచేద్దాం. ఆ పేరు మాత్రం మార్చు. కాస్త గౌరవంగా ఉండాలి."

మధ్యాహ్నానికి దిమ్మలన్నీ బిగిశాయి. గౌరవప్రదమైన పేరు ఆయనే పెట్టాడు. మరుసటి వారం "ఆత్మార్పణ లోహఖండములు: ఎనిమిది" అని మెసేజీ వెళ్ళింది. జెట్టీ మీదకు ఒక్క నరపురుగు కూడా రాలేదు.

ఆ సాయంత్రమే కుసుమకుమారి కాలమ్ పేరు మళ్ళీ "బలి" అని మార్చి, పక్కన "భోజనాలు లేవు" అని ఇంకో కాలమ్ చేర్చింది.