మంత్రిగారికి తిట్లు కావాలి

ట్రోల్స్ అనే జాతిని సమోవా దీవుల నుంచి సగౌరవంగా సాగనంపుతున్నట్టు మర్యాద శాఖ మంత్రి పెసమినోగారు రాజధాని అపియాలో ప్రకటించారు. మర్యాద శాఖ అని ఒకటుందా అని మీరడగచ్చు. ఉంది. ఫ్యానున్న గది, అందులో మంత్రిగారు, ఆయన ఫేస్‌బుక్ పేజీలో జవాబులు రాయడానికి నేను.

అప్పట్లో ఆ పేజీ మహా సందడిగా ఉండేది. మంత్రిగారు గుడ్ మార్నింగ్ పెడితే చాలు, ఇప్పుడే లేచారా అంటూ జనం ఎగబడేవారు. అందరిలోకీ ఘనాపాఠీ 'రాతిపీత' అనే పేరుతో రాసే శాల్తీ. మంత్రిగారు కొత్త కుర్చీలో కూర్చున్న ఫొటో పెడితే, "కుర్చీ బాగా పనిచేస్తోంది, దానిమీద ఉన్నదేమిటి?" అని రాసింది.

రాతిపీత ఎవరో ఎవరికీ తెలీదు. అంటే, పాస్టరుగారి భార్య లితారా అమ్మగారని అందరికీ తెలుసు. అపియాలో అజ్ఞాతమంటే అదే, తెలుసు గానీ అనం. ఆదివారం ఆవిడ చర్చిలో పాటల బృందం చేత పాడిస్తుంటే మంత్రిగారు మొదటి వరసలో కూర్చుని తలాడించేవారు, సోమవారం తిట్లు తినేవారు.

మంత్రిగారి పథకం అమోఘం. తిట్టుకి తిట్టు వద్దు, బ్లాక్ చెయ్యడం అసలే వద్దన్నారు. మా సభల్లో పెద్దమనిషి లేస్తే ముందు ఎదుటివాడి ఊరినీ, ఆ ఊరి పెద్దల బిరుదులన్నిటినీ పొల్లుపోకుండా పొగిడి, ఆ తర్వాతే సంగతిలోకొస్తాడు. జవాబులూ అలాగే ఇవ్వమన్నారు. "మా ఊరికి రోడ్డేదయ్యా?" అని ఒకాయన గద్దిస్తే, వాళ్ళ ముత్తాత బిరుదు దగ్గర మొదలెట్టి ఫోను నిండా పొగిడాను. రోడ్డు సంగతి వచ్చేసరికి చోటు చాల్లేదు.

అంత మర్యాద అందుకున్నవాడు అంతకంత బదులివ్వకపోతే వంశానికే తలవంపులు. పాపం, ఆయన వేళ్ళు నొప్పెట్టేలా మంత్రిగారి పూర్వీకులందరినీ పొగిడి, మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి రాతిపీత కూడా చేతులెత్తేసింది.

పేజీ ప్రశాంతమైపోయింది. ఏం పెట్టినా మంత్రిగారి భార్య నొక్కే లైకు తప్ప అలికిడి లేదు. ఇది చారిత్రక విజయమని పత్రికలకి వార్త పంపింది నేనే.

ఇంతలో ఎన్నికలొచ్చిపడ్డాయి. ప్రత్యర్థి తవిలి పేజీ తెరిస్తే తిట్లే తిట్లు, చూడముచ్చటగా ఉంది. మార్కెట్లో టారో దుంపల దగ్గర కూడా తవిలి ముచ్చటే. పెసమినోగారి పేరెత్తితే, "పోయారు కదూ? మంచాయన" అందిట ఒకావిడ.

ఆ కబురు విన్నరోజు మంత్రిగారు భోజనం ముట్టలేదు. "మంచాయన అన్నారంటే సీటు పోయినట్టేనయ్యా," అన్నారు నాతో. నాకు నిజంగానే జాలేసింది. ఆ సీటు తప్ప ఆయనకి ఇంకో వ్యాపకం తెలీదు.

రాతిపీత మళ్ళీ తిడితే గానీ ఆయన బతికున్నట్టు జనానికి తెలీదు. అడగడం ఎలా? అజ్ఞాత వ్యక్తి కదా, ఎదురుపడి అడిగితే బాగుండదు. దారి కూడా మంత్రిగారే కనిపెట్టారు. మాలో ఘోరమైన తప్పు చేసినవాడు తెల్లారకముందే వెళ్ళి, బాధితుల వాకిట్లో నెత్తిమీద వంశపు చాప కప్పుకుని కూర్చుంటాడు. ఇంటివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. మర్నాడే మంత్రిగారు పాస్టరుగారి వాకిట్లో చాప కింద ఉన్నారు, పక్కన ఫొటోలకి నేనున్నాను. ఇంత వినయం గల మంత్రి పసిఫిక్‌లో ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

లితారా అమ్మగారు ఎండెక్కాక చీపురు పట్టుకుని వచ్చారు. చాప చుట్టూ శుభ్రంగా ఊడ్చారు. లోపల్నుంచి మంత్రిగారి గొంతు వినిపించింది.

"అమ్మా, మర్యాద చేసి మీ నోరు నొక్కేశాను. తప్పయిపోయింది. ఎప్పట్లాగే నాలుగు తిట్టండి."

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. చీపురు గోడకి ఆనించి, చాప ఎత్తి, ఆయన్ని లేవదీశారు.

"అన్నీ మాఫీ నాయనా. రోడ్డూ, నీళ్ళూ, ఆసుపత్రీ, నువ్వు చెయ్యనివన్నీ మాఫీ."

"మాఫీ కాదమ్మా, నాక్కావలసింది తిట్లు."

"చాప ఎత్తాక పాత తప్పులు మాటవరసకైనా ఎత్తకూడదు, నీకు తెలీదూ? ఇక నేనే కాదు, ఊళ్ళో ఎవ్వరూ ఎత్తరు. తిట్టాలంటే నువ్వు కొత్తగా ఏదన్నా చెయ్యాలి మరి," అని, ఆవిడ మాకు వేడివేడి కోకో ఇచ్చి పంపించారు.

తిరుగుదారిలో మంత్రిగారు కారు చర్చి ముందు ఆపమన్నారు. అక్కడి రోడ్డు వెనకటి ప్రభుత్వం వేసింది, అద్దంలా ఉంటుంది. దిగి, దానివంక కాసేపు తదేకంగా చూసి, రోడ్ల శాఖకి ఫోన్ కలిపారు. ఆయన పదవీకాలం మొత్తంలో జారీ అయిన మొట్టమొదటి ఆదేశాన్ని వినే అదృష్టం నాకు దక్కింది.

"ఇక్కడో గొయ్యి తవ్వించండి. లోతుగా ఉండాలి. ఆదివారంలోగా అయిపోవాలి."