పన్ను ఇచ్చిన కొలువు

ఆదాయపు పన్ను వల్ల ఉద్యోగాలు పోతాయని, చిన్న పరిశ్రమలు పుట్టకముందే చచ్చిపోతాయని వాదించేవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. వాళ్లంతా పటాన్‌చెరు రానివాళ్లు. వచ్చినా బస్సు దిగనివాళ్లు. ఆదాయపు పన్ను వల్ల ఉద్యోగాలు పుడతాయని నేను గట్టిగా నమ్ముతాను. ఊరికే నమ్మడం కాదు, నా దగ్గర సాక్షి ఉంది. సాక్షి పేరు ముత్యమ్మ. ఊరు భానూరు.

ముత్యమ్మ సంగతి చెప్పాలంటే ముందు నాగరత్నం సంగతి చెప్పాలి.

నాగరత్నం నా స్నేహితుడు. సంగారెడ్డి బజారులో వాళ్ల నాన్నది పప్పుల వ్యాపారం. తండ్రి పోయాక కొన్నాళ్లు గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని విసిగిపోయాడు. అవి ఎనభైల నాటి రోజులు. పటాన్‌చెరు చుట్టూ ఎటు చూసినా కొత్త పొగగొట్టాలు లేస్తున్నాయి. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు, ఏం తయారుచేస్తారో ఎవరికీ చెప్పని కంపెనీలు. ఏది తయారుచేసినా బయటికి పంపడానికి అట్టపెట్టె కావాలి కదా? ఆ పెట్టెలు హైదరాబాదు నుంచి లారీల్లో వచ్చేవి.

"మందు ఈడ, పెట్టె ఆడ. గిదేం లెక్క?" అని నాగరత్నం నన్ను అడిగాడు.

నాకు పరిశ్రమల గురించి ఏమీ తెలియదు. అందుకే ధైర్యంగా "పెట్టు మరి" అన్నాను.

పటాన్‌చెరు రోడ్డు మీద వాళ్ల నాన్న కందుల బస్తాలు వేసుకునే గోదాము ఒకటి ఉండేది. నాగరత్నం బజారులో అంగడి మూసేసి ఆ గోదాములో మిషన్లు దించాడు. అట్ట కోసే మిషను, గీతలు కొట్టే మిషను, పిన్నులు కొట్టే మిషను. అన్నీ కొత్తవే. పాతవి రెండే మిగిలాయి. ఒకటి, కందులు తూచిన పెద్ద కాంటా. అట్టకట్టలు తూచడానికి పనికొస్తుందని ఉంచుకున్నాడు. రెండోది పెంటయ్య.

పెంటయ్య ఎప్పుడో హత్నూర నుంచి వచ్చి, ఆ కాంటా పక్కనే నిలబడి జుట్టు నెరిపించుకున్న మనిషి. తండ్రి కాలం నాటి మనిషిని వెళ్లిపొమ్మనడం నాగరత్నానికి చేతకాలేదు. పెట్టెలు అంటించడానికి మైదా గంజి కాచే పని అప్పగించాడు.

పెంటయ్యతో కలిపి పనివాళ్లు తొమ్మిదిమంది. ఎందుకు తొమ్మిదిమందే అంటారా? కరెంటు మిషన్ల దగ్గర పదిమంది పనిచేస్తే చట్టం దాన్ని ఫ్యాక్టరీ అంటుంది. ఫ్యాక్టరీ అయితే లైసెన్సు కావాలి, ఇన్‌స్పెక్టరు వస్తాడు, గోడలకు సున్నం వేయాలి, ఇసుక బకెట్లు వేలాడదీయాలి. తొమ్మిదిమంది అయితే ఈ గొడవేదీ ఉండదు. నిప్పు కూడా తొమ్మిదిమంది ఉన్నచోట అంటుకోదని చట్టం ఉద్దేశం కాబోలు. అందుకే మా ప్రాంతంలో చాలా షెడ్లలో తొమ్మిదిమందే లోపలుంటారు. పదో మనిషి గేటు బయట ఉంటాడు.

నాగరత్నం గేటు బయట ఉన్న పదో మనిషే ముత్యమ్మ.

ఆమె భర్త మల్లయ్య లారీల దగ్గర హమాలీ పని చేస్తూ నడుము పోగొట్టుకుని మంచాన పడ్డాడు. ఉన్న కాస్త చెలకలో వానలు లేక జొన్న కూడా రావడం లేదు. సంతకు వచ్చినప్పుడల్లా ఆమె గేటు దగ్గర ఆగేది.

"పనేమన్న ఉన్నదా సేట్?"

"లేదమ్మా."

"లేదంటరు. లోపలేమో గంత అట్ట కుప్పపడి ఉన్నది. గదంత ఎవరు మడుస్తరు?"

అట్ట నిజంగానే కుప్పపడి ఉండేది.

ఇలాంటి సమయంలో ఆడిటరు బద్రీనాథ్ రంగప్రవేశం చేశాడు. అప్పట్లో బద్రీనాథ్ ఆఫీసంటే సంగారెడ్డి బస్టాండు పక్కన మిద్దె మీద ఒక గది, ఒక బల్ల, బల్ల వెనక బద్రీనాథ్.

"మనది వెనుకబడిన జిల్లా. గదే మన అదృష్టం" అని మొదలుపెట్టాడు. "వెనుకబడిన జిల్లాల కొత్త పరిశ్రమ పెడితే లాభంల ఐదో వంతుకు పన్ను లేదు. గిట్ల పదేండ్లు. కని ఒక్క షరతున్నది. పదిమందికి పనియ్యాలె."

"తొమ్మిదిమంది ఉన్నరు కద."

"ఒక్కర్ని పెట్టుకో."

ప్రభుత్వం గొప్పతనం చూశారా? ఒక చట్టమేమో పదిమందిని పెట్టావో జాగ్రత్త అంటుంది. ఇంకో చట్టమేమో పదిమందిని పెట్టావా, అయితే శభాష్ అంటుంది. రెండూ ఢిల్లీలో ఒకే భవనంలో తయారైనవే. కాకపోతే ఆ భవనం చాలా పెద్దది.

నాగరత్నం ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య ప్రభావతికి ఈ లాభనష్టాలన్నీ వివరించాడు. ఆమె చారు వడ్డిస్తూ విని, "పనున్నదా లేదా, ముందు గది చెప్పు" అంది.

"పనికేం, కుప్పలు పడి ఉన్నది."

"మరి ఆమెను తీసుకోరాదు? నడుమల బద్రీనాథ్‌ని అడుగుడెందుకు?"

ఆడవాళ్లకు ఆర్థికశాస్త్రం తెలియదనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ముత్యమ్మ పనిలో చేరింది. ఆమెతో పాటు ఫ్యాక్టరీ చట్టం కూడా చేరింది. గోడలకు సున్నం పడింది. ఎర్ర బకెట్లలో ఇసుక పడింది. పనివాళ్లు ఉమ్మడానికి తొట్లు పెట్టాలని కూడా చట్టంలో ఉందట. నాగరత్నం తెల్లటి పింగాణీ తొట్లు తెచ్చి మూలమూలనా పెట్టించాడు. పెంటయ్య వాటి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గింత సక్కటి దాంట్ల ఉమ్మాల్నా సేట్? మనసొప్పుతలేదు" అని, ఎప్పటిలాగే బయటికెళ్లి గోడ పక్కన ఉమ్మి వచ్చాడు.

ముత్యమ్మ చెయ్యి చురుకైనది. పెట్టె మడిచిందంటే మూల చెదరదు. మొదటి జీతం తీసుకున్నాక మల్లయ్యను పటాన్‌చెరు తీసుకొచ్చి డాక్టరుకు చూపించింది. డాక్టరు నడుముకు పట్టీ ఇచ్చాడు. ఆ పట్టీ కట్టుకుని మల్లయ్య మంచం మీద లేచి కూర్చుంటున్నాడని ఆమె షెడ్డులో అందరికీ చెప్పింది. పెట్టెలు సమయానికి వెళ్తుండటంతో ఒక మందుల కంపెనీ కొత్త ఆర్డరు ఇచ్చింది. ఇంకా మనుషులు కావాల్సి వచ్చారు. ముత్యమ్మ భానూరు నుంచి తన వాడకట్టు ఆడవాళ్లను ఇద్దరిని తీసుకొచ్చి నాగరత్నానికి చూపించింది. పై నెల నుంచి రమ్మని నాగరత్నం వాళ్లకు మాటిచ్చాడు. నా స్నేహితుడు అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

పన్ను రాయితీ అడిగినప్పుడు పరిశ్రమ నిజంగా కొత్తదేనా అని ప్రభుత్వం చూసుకోవాలి కదా? చూడటానికి ఒక అధికారి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్థుడు. టీ కూడా వద్దన్నాడు. దాంతో నిజాయితీపరుడని తెలిసిపోయి అందరికీ భయం వేసింది. మిషన్లు చూశాడు, వాటి నంబర్లు రాసుకున్నాడు, తల ఊపాడు. బద్రీనాథ్ ముఖం వెలిగింది. వెళ్లబోతూ అధికారి కాంటా దగ్గర ఆగాడు. దాని పక్కన పెంటయ్య గంజి కలుపుతున్నాడు.

"మీరు ఇక్కడ ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు?"

"పెద్ద సేట్ ఉన్నప్పటి సంది సార్. ఈ సేట్‌ని లాగులు తొడిగి బడికి తోలిన."

"అప్పుడూ ఈ షెడ్డులోనేనా?"

"గిదే షెడ్డు, గిదే కాంటా. అప్పుడు కందులు, ఇప్పుడు అట్టలు. గంతే ఫరక్."

బద్రీనాథ్ దగ్గాడు. పెంటయ్య అతని వైపు జాలిగా చూసి, "గంజిల మైలుతుత్తం కలిపిన సార్, జెర అవుతలికి నిలవడుండ్రి" అన్నాడు. అధికారి అంతా రాసుకుని, పెంటయ్యకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. పెంటయ్య రెండు ముక్కల్లో తేల్చిన "గంతే ఫరక్" అందులో ఇంగ్లీషులో మూడు పేజీలు అయింది. పాత షెడ్డు, పాత కాంటా, పాత మనిషి. కాబట్టి ఇది కొత్త పరిశ్రమ కాదు, పాత పప్పుల వ్యాపారమే వేరే రూపంలో కొనసాగుతోంది. రాయితీ లేదు. నాకు తెలిసి కందుల్లోంచి అట్టపెట్టెలు తీయవచ్చని కనిపెట్టింది ప్రపంచంలో ఆ కాగితమే.

"అప్పీలుకు పోదాం, తప్పక గెలుస్తం" అన్నాడు బద్రీనాథ్. "కని గెలిచేదాక టైం పడ్తది. రాయితీ లేనప్పుడు పదో మనిషి దండుగ. మీదికెల్లి ఫ్యాక్టరీ చట్టం పరేషాన్ ఇంకోటి. ఇప్పటికైతే తొమ్మిదికి దిగు."

ఎవరిని దించాలి? చివర వచ్చింది ముత్యమ్మ. ఆ మాట చెప్పడానికి నాగరత్నం పొద్దున్నించి మిషన్ల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. చివరికి భోజనాల వేళ టిఫిన్ డబ్బా ముందు కూర్చున్న ఆమె దగ్గరికి వెళ్లి నేల చూస్తూ చెప్పాడు. ఆమె ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నది.

"పని తక్కువయిందా సేట్?"

"పని ఎక్కువనే ఉన్నది."

"నా పని మంచిగ లేదా?"

"నీ పని మంచిగనే ఉన్నది."

"మరి?"

నాగరత్నం పన్ను చట్టం వివరించబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయాడు.

గంజి కాగు దగ్గర్నుంచి పెంటయ్య లేచి వచ్చాడు. "నా నోటితోటే గిదంత వచ్చింది సేట్. నన్ను తీసెయ్యుండ్రి. ముసలోన్ని, ఎన్ని దినాలుంట?"

నాగరత్నం మాట్లాడకముందే ముత్యమ్మ అందుకుంది. "నీ వయసుల నిన్నెవరు పెట్టుకుంటరు పెద్దనాయినా? నేనన్న ఇంకోకాడ అడుక్కుంట. నువ్వేం అబద్దమాడినవ్, ఉన్నదే చెప్పినవ్." అని డబ్బా మూత పెట్టి లేచింది. పై నెల రావాల్సిన ఇద్దరికీ రావద్దని తానే చెప్తానంది. నాగరత్నం ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. చేసేవాళ్లు లేక మందుల కంపెనీ ఆర్డరు వెనక్కి ఇచ్చేశాడని తర్వాత ప్రభావతి చెబితే తెలిసింది.

పాఠకులు ఇక్కడ తొందరపడి పన్నును తిట్టుకోవద్దు. నేను చెప్పదలచిన ఉపాధి కల్పన ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రాయితీ రాని నాగరత్నాలు ఆ రోడ్డు పొడుగునా ఉన్నారు. అందరూ అప్పీలుకు వెళ్లారు. ఒక్కొక్కరి కేసు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తిరుగుతుంటే బద్రీనాథ్ ఒక్కడికి చేతకాలేదు. ఒక గుమాస్తాను పెట్టుకున్నాడు. గుమాస్తా రాసింది కొట్టడానికి టైపిస్టును పెట్టుకున్నాడు. మిద్దె మీద పక్క గదులు కూడా కిరాయికి తీసుకున్నాడు. కింద జిరాక్సు దుకాణం వెలిసింది. నాగరత్నం షెడ్డులో ఒక్క మనిషి పెరగలేదు కానీ, దాని పేరు చెప్పుకుని సంగారెడ్డిలో ఒక బజారే పెరిగింది. వెనుకబడిన జిల్లా ముందుకు రావడమంటే ఇది కాదా?

కొన్నేళ్ల తర్వాత అప్పీలు తీర్పు వచ్చింది. నాగరత్నానికి తోడుగా నేను కూడా బద్రీనాథ్ ఆఫీసుకు వెళ్లాను. బద్రీనాథ్ లేచి నిలబడి నాగరత్నం చెయ్యి ఊపాడు.

"గెలిచినం. మనది కొత్త పరిశ్రమనే అని ఒప్పుకున్నరు. కందులకు, అట్టలకు సంబంధం లేదన్నరు."

"అయితే రాయితీ వస్తదా?"

బద్రీనాథ్ కూర్చున్నాడు. "గది రాదు. పదిమంది ఉండాలె గద. మొదటి ఏడాదిల ఎక్కువ నెలలు తొమ్మిదిమందే ఉన్నరని రాసిండ్రు. తర్వాతి ఏండ్లల్ల అయితే మొత్తానికే తొమ్మిది."

"నువ్వే కద తొమ్మిదికి దిగుమన్నవ్."

"గప్పటికి గదే కరెక్టు. ఏం ఫికరు లేదు, దీని మీద పైకి పోదాం. గట్టి కేసు." అని లోపలికి తిరిగి, "జెర చాయ్ తే" అని కేకేశాడు.

చాయ్ పట్టుకుని వచ్చింది ముత్యమ్మ.

నాగరత్నం లేచి నిలబడ్డాడు. మిద్దె మీద గదులు పెరిగాక ఊడవడానికి, నీళ్లు పట్టడానికి, చాయ్ పెట్టడానికి మనిషి కావాల్సి వచ్చిందట. భానూరు నుంచి రెండు బస్సులు మారి వస్తోంది. షెడ్డులో ఇచ్చిన దానికంటే ఇక్కడ తక్కువే. మల్లయ్య ఎలా ఉన్నాడని నాగరత్నం అడిగాడు. పట్టీ పాతదైపోయింది, మళ్లీ మంచంలోనే ఉన్నాడని చెప్పింది. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. బద్రీనాథ్ టైపిస్టుకు ఏదో చెప్పడానికి పక్క గదిలోకి వెళ్లాడు. ఆమె గ్లాసు నాగరత్నం చేతికిచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"కేసు అయిపోయిందా సేట్?"

"ఇంక అయిపోలే. పైకి పోవాల్నంట."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "మీ కార్ఖానల పని లేకపాయె గని, మీ కేసుల పని దొరికింది. తప్పుగ అనుకోకుండ్రి సేట్, జెర జల్దీ గెలువకుండ్రి."

నాగరత్నం చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"గెలుస్తలేను తియ్ ముత్యమ్మా" అన్నాడు. "నువ్వు ఫికరు చెయ్యకు."