తూ గారి కోసం ఫోన్ కాపలా

అధ్యక్ష పదవికి మా పార్టీ తరఫున ఎవరిని నిలబెట్టాలి అనే తగువు ఎప్పటికీ తేలకూడదని నా కోరిక. నవ్వకండి. దేశంలో ఇంతకంటే మేలైన వినోదం, వ్యాయామం, వైద్యం ఇంకొకటి లేదు.

మా పార్టీలో ఈ తగువును తేల్చేది పెద్దలు కాదు, టెలిఫోన్. ఐదు రోజులపాటు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా సర్వేవాళ్ళు ఇళ్ళకు ఫోన్ చేసి, తూ గారా, వెన్ గారా అని అడుగుతారు. ఈసారి కూడా సెల్‌ఫోన్లకు చెయ్యలేదు. గోడ పక్కన తీగతో కట్టేసి ఉన్న పాత ఫోన్లకే చేశారు. అంటే మా బోటి ముసలమ్మలకే! చేపలు చుట్టిచ్చిన పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్న మనిషిని డెబ్భై ఆరో ఏట దేశం సలహా అడుగుతోందంటే, అది వరం కాక మరేమిటి?

ఒక్క చిన్న నష్టం ఉంది, చెప్పేసి ముందుకు పోతాను. నాలుగేళ్ళ కిందట కూడా ఈ ఇద్దరే పోటీ. నేను తూ గారన్నాను, మా చెల్లెలు బీలాన్ వెన్ గారంది. వేరే పార్టీ కూడా కాదు, ఒకే జెండా. చేపల గంజి చల్లారేలోపల మాటకు మాట పెరిగి, తను తెచ్చిన గిన్నె కడక్కుండానే పట్టుకుని తన ఊరు హ్వాలియన్ వెళ్ళే రైలెక్కింది. తర్వాత నంబరు మార్చుకుంది. నా నంబరు మాత్రం నలభై ఏళ్ళుగా ఒకటే, అది తనకు నోటికి వచ్చు. ప్రజాస్వామ్యంలో ఇలాంటివి మామూలే. రైలు కనబడకుండా పోయాక కూడా నేను ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాను. అదీ మామూలే.

ఇక లాభాల సంగతికి వద్దాం. సర్వే మొదలయ్యే రోజు పొద్దున్నే మా వాడపెద్ద ఛువా స్కూటర్ మీద ఇంటింటికీ తిరిగి, ఫోన్ల మీద పసుపు చీటీలు అంటించాడు. "తూ గారు ఒక్కరే" అని వాటి మీద రాసి ఉంది.

"ఎవరు చేసినా ముందు ఇదే చెప్పాలి పెద్దమ్మా. హలో కూడా వద్దు. హలో అనే లోపల పెట్టేస్తారు" అన్నాడు.

"మరి డాక్టరు చేస్తే?"

"డాక్టరుకు మాత్రం ఓటు లేదా?"

ఆ ఐదు రోజులూ మా ఊరు తైనాన్‌లో మా సందును చూసి తీరాలి. ఎదురింటి దర్జీ ఫోన్ తీగను స్నానాల గదిలోకి లాక్కుని, తలుపు ఓరగా వేసుకుని స్నానం చేశాడు. మూలింటావిడ మాజాంగ్ ఆటలో గెలిచే చెయ్యి వదిలేసి పరుగెత్తింది, తీరా చేసింది దంతవైద్యుడు. పన్ను పీకించుకోవడానికి ఎప్పుడొస్తారని ఆయన అడిగితే, తూ గారు ఒక్కరే అంది. ఆయన తూ గారి పేరు మీద పదకొండు గంటలకు రాసుకున్నాడు!

అసలు పరీక్ష చెత్తబండి. ఆరున్నరకు పాట పాడుకుంటూ అది వచ్చే వేళకే సర్వే జోరు మీద ఉంటుంది. సంచి పట్టుకుని బయటికి పరుగెత్తాలా, ఫోన్ దగ్గర కూర్చోవాలా? మేమంతా దేశాన్నే ఎంచుకున్నాం. బండి ఖాళీగా వచ్చి ఖాళీగా పోయింది. మూడో రోజుకు మా సందులో దేశభక్తి ముక్కులు అదిరేలా వాసన కొట్టింది.

నాలుగో రోజు సాయంత్రం నా ఫోన్ మోగింది.

"తూ గారు ఒక్కరే" అన్నాను, ఊపిరి కూడా తీసుకోకుండా.

అటువైపు వెనకాల ఎక్కడో చెత్తబండి పాట వినిపిస్తోంది. సర్వే ఆఫీసులోకి చెత్తబండి ఎందుకొస్తుంది?

"ఇంకా తూ గారేనా అక్కా" అంది బీలాన్, పెట్టేసింది.

నాది పాత ఫోన్, ఎవరు ఎక్కడి నుంచి చేశారో చూపించదు. నేను చెయ్యగలిగిందల్లా అది మళ్ళీ మోగాలని కూర్చోవడమే. రిసీవరు సరిగ్గా పెట్టానా అని ఎత్తి చూశాను. ఎత్తినప్పుడే తను చేసి ఉంటే ఎలా అని వెంటనే పెట్టాను. మళ్ళీ అనుమానం, మళ్ళీ ఎత్తాను. మర్నాడు తొమ్మిదికి సర్వే ముగుస్తుందనగా, ఎనిమిదీ యాభైకి మోగింది. చీటీ చించి పారేసి రిసీవరు లాక్కున్నాను.

"వెన్ గారే! మా ఇంట్లో అందరమూ వెన్ గారే. నాలుగేళ్ళ నుంచీ వెన్ గారే, నమ్మవే!"

"నమ్మాను అమ్మమ్మగారూ. నమోదు చేసుకున్నాను, ధన్యవాదాలు" అంది ఎవరో చిన్నపిల్ల, చాలా మర్యాదగా.

మర్నాడు ఫలితం వచ్చింది. ఒక శాతంలో పావు వంతు తేడాతో వెన్ గారు గెలిచారు. ఛువా ఎర్రబడ్డ కళ్ళతో మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మన సందులోనే ఎవరో వెన్నుపోటు పొడిచారు పెద్దమ్మా."

"అయ్యో, ఎవరై ఉంటారు?" అన్నాను, టీ పోస్తూ.

అప్పుడే ఫోన్ మోగింది. ఈసారి హలో అన్నాను.

"పోయాడా మీ తూ గారు?" అంది బీలాన్.

"పోయాడే."

"ఏడుస్తున్నావా?"

"కొంచెం."

"బాగా ఏడువు. ఆ మొహంలో కళ లేదని నాలుగేళ్ళ కిందటే చెప్పానా లేదా? చెబితే విన్నావా?"

గంటా పది నిమిషాలు దెప్పింది. దెప్పుతూ దెప్పుతూ తన మోకాలి నొప్పి, వాళ్ళాయన చెవుడు, గుడ్లు పెట్టని కోడి, అన్నీ చెప్పింది. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి ఛువా, తూ గారికి ఇంతటి అభిమానులున్నారా అని కదిలిపోయి, నా భుజం తట్టి వెళ్ళాడు. ఆ వెన్నుపోటు ఎవరిదో బీలాన్‌కు చెప్పలేదు. చెబితే దెప్పడం మానేస్తుందేమోనని భయం.

పార్టీ పెద్దలకు ఒక్క మనవి. మీ అధ్యక్షుణ్ణి ఎలాగైనా ఎంచుకోండి, పేరు అడగండి, వయసు అడగండి. చివర్లో ఇంకొక్క ప్రశ్న కలపండి: "అమ్మా, పోయినసారి మా మూలంగా మీ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటలు పోయాయి?" ఏ చీటీ అంటించనక్కర్లేదు. ఆ సర్వేకు మా సందులో ఫోన్ ఎత్తని ఇల్లు ఒక్కటి కూడా ఉండదు.