మా బజారుకి నూట పద్దెనిమిది బండ్లు

కొనేవాళ్ళు లేని బజారుని మించిన బజారు లేదు! నమ్మకం లేకపోతే ఓసారి మా శంషాబాద్ రండి. ఎయిర్‌పోర్టు వచ్చి నాలుగేళ్ళయింది, మా పాత బజారు బాగుపడి ఆరు నెలలయింది. ఎంత బాగుపడిందంటే, మిట్టమధ్యాహ్నం మీరు రోడ్డుకి అడ్డంగా పడుకున్నా తొక్కేవాడు ఉండడు.

ఇదివరకు ఇలా ఉండేదా? ఒకటే జనం! దానికంతటికీ కారణం బస్ స్టాప్. అది సరిగ్గా బజారు నడిబొడ్డున ఉండేది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు అక్కడ దిగి సిటీ బస్సు ఎక్కేవారు. ఆ బస్సు రావడానికి అరగంట పట్టేది. మనవాళ్ళు అరగంట ఊరికే నిలబడతారా? బజ్జీలు తినేవారు, పూలు కొనేవారు, ఆడవాళ్ళు అమృతమ్మ దుకాణంలో గాజులు వేయించుకునేవారు. ఎడమ చేతికి వేయడం పూర్తయి కుడి చెయ్యి అందించేసరికి బస్సు వచ్చేది. ఇక చూడండి, కండక్టర్ని ఆగమని కేకలు, డ్రైవర్ హారన్, అమృతమ్మ కంగారు! ఎయిర్‌పోర్టు ఉన్న ఊళ్ళో జరగవలసిన పనులేనా ఇవి?

అందుకే "మన ఊళ్ళోనే కొందాం" అనే నినాదంతో బజారు పునరుద్ధరణ కమిటీ పుట్టింది. అందులో నేనూ ఒక సభ్యుణ్ణి. ఆ నినాదం ఫ్లెక్సీలు సిటీలో వేయించాం. మీటింగులకి సమోసాలు సిటీ నుంచి తెప్పించాం. ఊరి సమోసాలు తింటూ ఊరి గురించి పెద్దగా ఆలోచించలేం కదా! ఫణి అనే కన్సల్టెంట్‌ని కూడా సిటీ నుంచే రప్పించాం. ఆయన కారు దిగకుండానే బజారంతా అధ్యయనం చేసి, విషయం తేల్చేశాడు. ఇక్కడ కార్లు పెట్టుకునే చోటు లేకపోవడం వల్లే జనం సిటీకి పోయి కొంటున్నారట.

పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళకి కార్లెక్కడివని మీరు అడుగుతారు. అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళని మీటింగులకి పిలవకూడదు.

బస్ స్టాప్‌ని గగన్‌పహాడ్ వైపు కిలోమీటరు అవతల పడేసి, ఆ జాగాలో పార్కింగ్ కట్టాం. కింద టైల్స్, పైన రేకులు, చుట్టూ రంగు దీపాలు! పల్లెల వాళ్ళిప్పుడు ఆ కొత్త స్టాప్‌లోనే దిగి, అక్కడే సిటీ బస్సెక్కి, కావలసినవన్నీ సిటీలో కొనుక్కుంటున్నారు. అమృతమ్మ ఇరవై రెండేళ్ళుగా ఆ గాజుల దుకాణంతోనే ఇల్లు నడుపుకొస్తోంది. ఇప్పుడు రోజుకి ఇద్దరు వస్తే గొప్ప. ఆ ఇద్దరికీ మాత్రం రెండు చేతులకీ తీరిగ్గా వేస్తోంది. అభివృద్ధి అంటే ఇంకెలా ఉంటుందండీ?

మరి పార్కింగ్ ఖాళీగా ఉందనుకున్నారా? వారం తిరక్కుండా కిటకిటలాడింది, ఎయిర్‌పోర్టు క్యాబులతో! శ్రావణ్‌కుమార్ అనే డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని ఉంటే, మా బజారులో ఏం కొన్నావని అడిగాను. ఇక్కడ పార్కింగ్‌కి పైసలు అడిగేవాడు లేడని, ఫ్లైటు దిగేదాకా ఓ కునుకు తీస్తున్నానని చెప్పాడు. అన్నం కూడా ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకున్నాడు.

ఆర్నెల్లకి ఫణి ఫలితాల సర్వేకి వచ్చాడు. ఈసారి కారు అద్దం దించాడు, అది మెచ్చుకోవాలి. నూట పద్దెనిమిది బండ్లు లెక్కపెట్టి, అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మా బజారుకి కొనేవాళ్ళ రద్దీ ఎనిమిది రెట్లు పెరిగిందని రిపోర్టు ఇచ్చాడు. ఈ ఆదరణ తట్టుకోవాలంటే పార్కింగ్ రెట్టింపు చెయ్యాలట. జాగా ఎక్కడుంది? పక్కనే ఉన్న గాజుల దుకాణం వరసలో ఉంది! అంటే, బజారుకి వచ్చేవాళ్ళ సౌకర్యం కోసం బజారుని తీసెయ్యాలి. ఇంత సూటిగా ఆలోచించే మెదడు మనకి దొరకడం మన అదృష్టం.

అభ్యంతరాలు వినాలనే రూలు ఒకటి ఉంది కాబట్టి, కిందటి మీటింగుకి అమృతమ్మని పిలిచాం. ఆమె సమోసా ముట్టలేదు. గోడ పక్కన నిలబడి ఒకే ఒక్క మాట అడిగింది.

"సారూ, గిన్ని బండ్లు లెక్కవెట్టిండ్రు గదా. అండ్లకెళ్లి దిగి గాజులు ఏస్కున్న ఆడమనిషిని ఒక్కదాన్నన్న సూశిండ్రా?"

ఫణి ల్యాప్‌టాప్‌లో వెతికి, సర్వేలో ఆ కాలమ్ లేదన్నాడు. దుకాణాలు తీసెయ్యాలనేవాళ్ళు చేతులెత్తమని చైర్మన్ గారు ఓటింగు పెట్టారు. పదకొండు మంది సభ్యులం, పదకొండు చేతులూ లేచాయి.

అందులో పది మంది ఆ బజారులో ఏనాడూ గుండుసూది కూడా కొనలేదు. పదకొండోవాణ్ణి నేను. బస్ స్టాప్ అక్కడున్న రోజుల్లో తొమ్మిదేళ్ళపాటు, ఆఫీసుకి పోయే బస్సు కోసం ఆమె దుకాణం నీడలోనే ఎదురుచూశాను. నన్ను చూడగానే స్టూలు తెచ్చి వేసేది. కూర్చోమని, బస్సొస్తే తనే చెబుతానని అనేది. నేనూ ఏమీ కొనలేదు.

ఆ రోజు ఆమె మిగతా పది చేతులూ చూడలేదు. నా చెయ్యి వైపే చూసింది. నాకు సిగ్గేసింది. అయినా చెయ్యి దించలేదు.