మడతపడని చాకు

ఆదివారం పొద్దున్న లెక్చరరు వేసుకున్న పథకం చిన్నదే. పార్సిల్లో వచ్చిన పుస్తకాల అరకు కట్టిన తాళ్లు కోసి, మామగారు కాఫీ తాగేలోపు దాన్ని గోడకు నిలబెట్టాలి. అది కూడా నిన్న రాత్రి మామగారు స్వయంగా చేతిలో పెట్టిన మడత చాకుతో.

ఆ చాకు విలువ అల్లుడికే తెలుసు. పెళ్లయిన దగ్గర్నుంచీ మామగారు అతన్ని ఒక్క పనిముట్టూ ముట్టుకోనివ్వలేదు. వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషాయన. అల్లుడు బల్బు మార్చబోయినా "మీకెందుకు బాబూ, షాకు కొడుతుంది" అని స్టూలు లాగేసుకునేవారు. "మా అల్లుడికి చేతులున్నది పేజీలు తిప్పడానికే" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. అలాంటి మనిషి నిన్న భోజనాలయ్యాక, రిటైరైన రోజు తోటివాళ్లిచ్చిన చాకును బీరువాలోంచి తీసుకొచ్చారు. "ఇది మీ దగ్గరుండాలి బాబూ. అయితే దీన్ని మూయడం..." అని ఏదో అనబోయారు.

అక్కడే అల్లుడు నోరు జారాడు. "తెలుసులెండి మావయ్యగారూ" అని అందుకుని పాఠం మొదలుపెట్టాడు. పని మధ్యలో చాకు వేళ్ల మీద మూసుకుపోకుండా లోపల ఒక తాళం ఉంటుందనీ, కొన్నింటికి పిడి వీపు మీద నొక్కితే ఆ తాళం వదులుతుందనీ, కొన్నింటికి పిడి మెడ దగ్గర రింగులా ఉండే కంకణం తిప్పాలనీ, ఎప్పుడో ఎక్కడో చదివిందంతా అప్పజెప్పాడు. మామగారు శ్రద్ధగా విన్నారు. "మరి ఇదెలా మూస్తారంటారు?" అని అడిగారు కూడా. పరీక్ష పెడుతున్నారనుకుని "చిటికెలో పని" అన్నాడు అల్లుడు.

తెల్లారింది. చాకు టక్కున తెరుచుకుంది, తాళ్లు తెగాయి, ఇక మూయడమే మిగిలింది. వీపు మీద నొక్కాడు, కదల్లేదు. మెడ దగ్గర తిప్పుదామంటే అసలు కంకణమే లేదు. అటు నొక్కాడు, ఇటు నొక్కాడు, చివరికి బతిమాలాడు కూడా. తెరిచిన చాకును జేబులో పెట్టుకోలేడు, కింద పెడితే దొరికిపోతాడు.

"బాబూ, అయిందా?" వరండాలోంచి మామగారి గొంతు వినిపించింది. "చాకు మూసేటప్పుడు ఒకసారి పిలవండి, నేనూ చూస్తాను."

మూయడం రావట్లేదని అల్లుడు ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ నిన్న అన్న ఆ "చిటికెలో పని" అడ్డం పడింది. కుర్చీ మీదున్న గుడ్డ లాగి, మొన కనబడకుండా చాకుతో సహా చేతికి చుట్టేసుకున్నాడు. అది అత్తగారు బీట్‌రూట్ తరిగి చేతులు తుడుచుకున్న గుడ్డ. ఆ సంగతి అతనికి తెలియదు.

"అయ్యో, రక్తం!" వంటింట్లోంచి వచ్చిన అత్తగారు కేక పెట్టారు. "ఏమండీ, అల్లుడుగారు చెయ్యి కోసుకున్నారు!"

భార్య పరిగెత్తుకొచ్చింది. "ఏదీ, చూపించండి!"

కోసుకోలేదంటే గుడ్డ విప్పాలి. విప్పితే పరువు పోతుంది. "వద్దు వద్దు, చిన్న గాటే. విప్పితే మళ్లీ కారుతుంది" అన్నాడు.

ఆ చిన్న గాటు అతన్ని మామగారి స్కూటరు ఎక్కించింది. చాకు మొన సరిగ్గా ఆయన వీపు వైపే ఉండడంతో, స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా అల్లుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక్కి వాలాడు. "కళ్లు తిరుగుతున్నాయా బాబూ?" అంటూ మామగారు ఇంకా వేగం పెంచారు. ఆసుపత్రిలో ఆ ఎర్రటి గుడ్డ చూసి, జ్వరంతో వణుకుతున్న ఒక ముసలావిడ తన వంతు వదిలేసింది. "నాకేం తొందర లేదు, ముందు నువ్వెళ్లు నాయనా" అంది. అతనికి భూమి చీలితే బాగుండుననిపించింది.

రక్తం చూడలేనంటూ మామగారు బయటే ఆగిపోయారు. లోపల డాక్టరు గుడ్డ విప్పి, చేతిని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"దెబ్బెక్కడ?"

"లేదండి. చాకు మూయడం రాలేదు. దయచేసి ఒక కట్టు కట్టండి."

"దేనికి కట్టాలి?"

"పరువుకి."

డాక్టరు మొహం గోడ వైపు తిప్పుకుని కాసేపు భుజాలు కుదిపాడు. తర్వాత శుభ్రంగా కట్టు కట్టాడు. చాకు మూసిపెట్టమంటే మాత్రం "నాకు కుట్లేసి మూయడమే వచ్చు" అన్నాడు.

చాకును పాత పేపర్లో చుట్టుకుని అల్లుడు బయటికొచ్చాడు. మామగారి కళ్లు తడిగా ఉన్నాయి. "నా వల్లే బాబూ. ఆ చాకు మీకివ్వకుండా ఉండాల్సింది" అన్నారు.

ఆ మాటతో అల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక ఆగలేక బీట్‌రూట్‌తో సహా అంతా చెప్పేశాడు. తల వంచుకుని, తిట్ల కోసం ఎదురుచూశాడు.

మామగారు చుట్టూ చూసి, అతన్ని స్కూటరు చాటుకి లాక్కెళ్లారు. "అయితే మీకూ రాదా?"

"మీకూ అంటే?"

"వర్క్‌షాపులో నేను స్టోర్సు గుమస్తాని బాబూ. పనిముట్లు అందరికీ ఇచ్చేవాణ్ణి, ఒక్కటీ పట్టి ఎరగను. వాళ్లు మూసిచ్చిన చాకుని నేను మళ్లీ తెరవలేదు. నిన్న మీరన్నీ చెబుతుంటే, మీరు మూసినప్పుడు చూసి నేర్చుకుందామనుకున్నా."

మామా అల్లుళ్లు తలలు దగ్గర పెట్టి పిడిలోకి తొంగి చూశారు. లోపల పల్చటి రేకు ఒకటి ఉంది. చాకు తెరుచుకోగానే అది పక్కకు వంగి, చాకు మొదలు వెనక అడ్డంగా నిలబడుతోంది. దాన్ని వేలితో పక్కకు తోస్తే దారి వదులుతుంది.

"ఇంతేనా!" అని మామగారు బొటనవేలితో రేకు తోసి, చాకును హుషారుగా మడిచేశారు. రేకు తోసిన వేలు సరిగ్గా చాకు తిరిగొచ్చే దారిలోనే ఉంటుందనీ, చాకు కాస్త కదలగానే ఆ వేలు తీసేయాలనీ ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మామగారికి కాస్త గట్టిగా తెలిసింది.

"అబ్బా!"

"పదండి, డాక్టరు దగ్గరికి."

"ఏ మొహం పెట్టుకుని?" అంటూ ఆయన వేలికి రుమాలు చుట్టి, చెయ్యి జేబులో దాచుకున్నారు. దాంతో కట్టున్న అల్లుడు స్కూటరు నడిపాడు, కట్టులేని మామగారు వెనక కూర్చున్నారు.

గేటు దగ్గర అత్తగారు అది చూసి మండిపడ్డారు. "దెబ్బ తగిలిన పిల్లాడిచేత బండి నడిపిస్తారా? సిగ్గు లేదూ మీకు?"

"ఉందే" అన్నారు మామగారు, జేబులోంచి చెయ్యి తీయకుండా.

ఆ సాయంత్రం పుస్తకాల అరను కార్పెంటరు వచ్చి బిగించాడు.